అభ్యంతరం గారూ, రెండు సీట్ల కారూ

కారుకు అన్నీ కుదిరాయి, పేరు తప్ప.

ఆ కారు పుట్టి యాభై ఏళ్లు దాటింది. రెండే సీట్లు, పొడవాటి ముక్కు, నెత్తిన టాపు లేని స్పోర్ట్స్ కారు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పాత సామాన్ల యార్డులో మూడు ఫ్రిజ్‌ల కింద నలుగుతూ మెకానిక్ కంటపడే నాటికి దాంట్లో మిగిలినవి చాసిస్, ఒక తలుపు, సగం డ్యాష్‌బోర్డు. బుద్ధి ఉన్నవాడైతే ఒక నిట్టూర్పు విడిచి ముందుకు వెళ్లిపోయేవాడు. మెకానిక్ దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు.

మూడేళ్లు పట్టింది. రేకును సుత్తితో బుజ్జగించి ఒంపులు తిప్పాడు. ఉన్న తలుపును చూసి లేని తలుపు చేశాడు. కొత్త ఇంజిన్ కూర్చోబెట్టాడు. అతని అక్క ఆ షెడ్డులోనే ఒక మూల మిషను వేసుకుని కార్ల సీట్లు కుడుతుంది. ఈ కారుకు ముదురు ఎరుపు తోలు కుట్టిపెట్టింది. ఇదే అచ్చుతో ఏడాదికి పన్నెండు కార్లు చేసి అమ్మాలన్నది ఇద్దరి ఆలోచన.

కొనేవాళ్లకు ఆ సంగతి తెలియాలంటే మూడు నెలల్లో జరగబోయే పాత కార్ల ప్రదర్శనలో కారు నిలబడాలి. ప్రదర్శనవాళ్ల షరతు ఒక్కటే. కారు పేరుకు ట్రేడ్‌మార్క్ ఆఫీసు అనుమతి ఉండాలి. కిందటేడు ఎవరో ఇంకొకరి పేరు అతికించుకొచ్చారట. పెద్ద రభస అయి, మూడు రోజులూ ఆ కారు మూతికి గోనెపట్టా కట్టి ఉంచారట.

మనకేం ఇబ్బంది, కారు పాత పేరే పెట్టేద్దాం, కంపెనీ ఎలాగూ పోయింది కదా అని మెకానిక్ ధీమాగా దరఖాస్తు పెట్టాడు. వారం తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. పైన లావుపాటి అక్షరాల్లో 'అభ్యంతరం' అని ఉంది. ఆ పేరును ఒక పెనాల కంపెనీ ఎప్పుడో కొనేసుకుందని కింద రాసి ఉంది.

ఉత్తరం పట్టుకుని మెకానిక్ నేరుగా ఆఫీసుకు వెళ్లాడు. నాలుగో కౌంటరు. అద్దం వెనక ఒక అమ్మాయి కాగితాల కట్టను బల్లకేసి తట్టి అంచులు సరిచేస్తోంది. మాట్లాడడానికి అద్దానికి పెట్టిన గుండ్రటి కన్నం నడుము ఎత్తులో ఉంది. కాబట్టి అక్కడ కొట్లాడాలన్నా వంగి కొట్లాడాల్సిందే. మెకానిక్ వంగాడు.

"మేడమ్, నా కారును ఎవరైనా పొయ్యి మీద పెడతారా?"

"పెట్టరు," అందామె, ఏ మాత్రం తొణక్కుండా. "కానీ వాళ్లు పేరు కొన్నప్పుడు కార్ల హక్కు కూడా కలిపి కొన్నారు. చూసుకోకుండా దరఖాస్తు పెట్టింది మీరు."

అతను కారు గురించి చెప్పాడు. మూడేళ్ల కష్టం గురించి చెప్పాడు. పెనాల గురించి రెండు పరుషమైన మాటలు కూడా అన్నాడు. ఆమె అంతా విని, ఇంకో పేరుతో ఇంకో ఫారం నింపమని కన్నంలోంచి కాగితం ఇటు తోసింది. ముద్ర వెయ్యడానికి ఆమె కాగితం వంక చూడదని, అయినా అది సరిగ్గా గడి మధ్యలోనే పడుతుందని మెకానిక్ గమనించాడు. చేతిపనివాడికి అలాంటివి కనపడకుండా పోవు. ఆ కోపంలో కూడా ముచ్చటేసింది.

ఇంటికొచ్చి అక్కతో చెబుతూ ఆమెకు 'అభ్యంతరం గారు' అని పేరు పెట్టాడు. ఆ పూట అతను పెట్టగలిగిన పేరు అదొక్కటే.

ఆ తర్వాత దరఖాస్తుల వరద మొదలైంది. చిరుత అని పెట్టాడు. అది అప్పటికే ఎవరిదో మోటారు సైకిలు. డేగ అన్నాడు, టైర్లవాళ్లు పట్టుకుపోయారు. గుర్రం మీద ఒక ట్యాక్సీల కంపెనీ స్వారీ చేస్తోంది. పరుగెత్తే జంతువులు, ఎగిరే పక్షులు అన్నీ అమ్ముడుపోయాయి, ఖాళీగా ఉన్నవి ఎలుగుబంటీ పందీ మాత్రమేనని ఆమె జాబితా చూసి చెప్పింది. రెంటిలో ఏదైనా రాసుకోమంటారా అని అడిగింది కూడా. ఆ అడగడంలో వెటకారం ఉందో లేదో తేల్చుకోలేక మెకానిక్ ఆ రోజంతా స్పానరు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

జంతువులు వద్దనుకుని 'వేగం' అని పెట్టాడు. వేగంగా వెళ్లే బండి ఉన్న ప్రతివాడికీ ఆ మాట కావాలి, మీరొక్కరే గూటానికి కట్టేసుకుంటే మిగిలినవాళ్లు ఏమని చెప్పుకోవాలి అని ఆమె కొట్టేసింది. 'మహావేగం' అన్నాడు. అది ఇంకా అన్యాయమంది. వేగంలో దీర్ఘం తీసి, వత్తు తగిలించి తెచ్చాడు. రాతలో మారినా చెవికి ఒకటేనని, కొనేవాడు చెవితోనే గుర్తు పెట్టుకుంటాడని చెప్పింది.

ఒళ్లు మండి, ఏ భాషలోనూ లేని మాట ఒకటి పుట్టించాడు. 'జ్రుంకో.' ఆ రోజు మొదటిసారి ఆమె జాబితా అంతా వెతికి, ఇలాంటి పేరు ఈ భూమ్మీద ఇంకొకటి లేదని, తనకు ఏ అభ్యంతరమూ లేదని చెప్పింది. చెప్పాక కాసేపు అతని ముఖంలోకి చూసింది.

"నాకైతే లేదు. మీకు లేదా?"

మెకానిక్ ఫారం వెనక్కి తీసుకున్నాడు. అద్దం వెనక ఆమె తల పక్కకి తిప్పుకుంది కానీ భుజాలు కదులుతున్నాయి. ఆమె నవ్వు ఆపుకుంటోందని అర్థమై, వదులుకున్న పేరు మీద పడాల్సిన దిగులు ఎటు పోయిందో అతనికి తెలియలేదు.

ఏడో అభ్యంతరం వచ్చేనాటికి మెకానిక్ ఆఫీసుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లడం మొదలుపెట్టాడు. గోళ్ల కింద గ్రీజు పోవడానికి కిరసనాయిలుతో అరగంట రుద్దుకున్నాడు. ఎనిమిదోసారి సెంటు కూడా పూసుకున్నాడు. అక్క మిషను ఆపకుండానే అంది:

"ఒరేయ్, కాదనిపించుకోవడానికి సెంటు కూడానా?"

పేరు కోసమే వెళ్తున్నానని అతను గట్టిగా చెప్పాడు. అయితే ఫారం ఏదని అక్క అడిగింది. ఫారం నింపడం నిజంగానే మరచిపోయాడు.

ఆ మధ్యలోనే ఒకసారి ఉండబట్టలేక, మీరే ఏదో ఒకటి చెప్పెయ్యకూడదా మేడమ్ అని బతిమాలాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. పరీక్షించేవాళ్లు పేరు సూచించకూడదని నియమం. కాదనడానికే తనకు జీతమని, ఔననడానికి కూడా జీతమేనని, కానీ 'ఇది పెట్టుకో' అన్నమాట తన నోట రాకూడదని వివరంగా చెప్పింది. చివర్లో మాత్రం కొంచెం గొంతు తగ్గించి, మీరెప్పుడూ కారు ఎంత గొప్పదో చెప్పే పేర్లే తెస్తున్నారు, అవన్నీ అందరికీ తడతాయి అంది. ఆ మాట నియమానికి ఇవతలో అవతలో ఆమెకే తెలియనట్టు వెంటనే కాగితాలు తట్టుకోవడం మొదలుపెట్టింది.

ప్రదర్శన ఇంకా నెల రోజులుందనగా తొమ్మిదో దరఖాస్తు కూడా తిరిగొచ్చింది. కాగితాల మీద వాదించి లాభం లేదు, ఒక్కసారి కారును చూస్తే ఆవిడే మనసు మార్చుకుంటారని మెకానిక్ బుర్రలో పురుగు తొలిచింది. ఏ మనసు, దేని మీద అన్నది అతను తనను తాను ప్రశ్నించుకోలేదు. కారు తీసి ఆఫీసుకు బయల్దేరాడు. టాపు లేని బండి కదా, వాన పడితే ఎలా అని అక్క వెనకనుంచి అరిచినా వినపడనట్టే వెళ్లిపోయాడు.

ఆఫీసు వదిలే వేళకు సరిగ్గా గేటు ముందుకు వచ్చి కారు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే వాన పట్టుకుంది. మామూలు వాన కాదు, బకెట్లతో గుమ్మరించినట్టు పడింది. ఇటువాళ్లు ఇటు, అటువాళ్లు అటు. లోపలి స్కూటర్లూ కార్లూ ఒకదాని వెనక ఒకటి నిలబడి హారన్లు మోగించాయి. మెకానిక్ తాళం తిప్పాడు, బానెట్ ఎత్తాడు, దించాడు, మళ్లీ తిప్పాడు. మూడేళ్లు పెంచి పెద్దచేసిన కారు నలుగురిలో పరువు తీస్తుంటే తండ్రికెలా ఉంటుందో అతనికి అలా ఉంది.

నల్ల గొడుగు ఒకటి గుంపులోంచి విడివడి వచ్చింది. నాలుగో కౌంటరు అమ్మాయి. అద్దం లేకుండా ఆమెను చూడడం అదే మొదటిసారి. ఆమె గొడుగును అతని మీదా పట్టలేదు, తన మీదా పట్టుకోలేదు. తెరిచి ఉన్న ఇంజిన్ మీద పట్టింది.

ఆ ఒక్క పనితో మెకానిక్ పని అయిపోయింది. ఇంకే మాటా, ఇంకే చూపూ అక్కర్లేకపోయింది.

"ఊరికే తిప్పకండి," అందామె. "అలిగినట్టుంది. కాసేపు దాని మానాన దాన్ని వదిలెయ్యండి. మా అమ్మ స్కూటరూ అంతే. అలక తీరాక అదే పలుకుతుంది."

ఇద్దరూ చెరోపక్క నిలబడి తడిశారు. ఎర్ర తోలు సీట్లలో నీళ్లు నిలిచాయి. ఆమె కారును చూసింది. ముక్కు నుంచి వెనక దీపాల దాకా, సుత్తి దెబ్బ కనపడకుండా సాపు చేసిన ఒంపుల మీద నీటి బొట్లు జారుతుంటే చూస్తూ, ఇదంతా మీ చేతులతోనే చేశారా అని మెల్లగా అడిగింది. తొమ్మిదిసార్లు కాగితం మీద కాదన్న కారును ఇంత దగ్గరగా చూస్తే గిల్టీగా ఉందంది. పది నిమిషాలకు మెకానిక్ తాళం తిప్పితే కారు ఏమీ జరగనట్టు గుర్రుమంది.

దింపుతాను ఎక్కమని అడిగాడు. ఆమె ఒక్క క్షణం ఖాళీ సీటు వంక చూసింది.

"మీ ఫైలు నా దగ్గరుంది," అంది. "ఎక్కకూడదు."

గొడుగు సర్దుకుని వానలో నడుచుకుంటూ వెళ్లిపోయింది. వెనక హారన్లు మోగుతున్నా మెకానిక్ ఆ గొడుగు మలుపు తిరిగేదాకా కదల్లేదు.

ఇంటికి వచ్చే దారంతా ఒకటే మాట చెవిలో తిరిగింది. అలక. మూడక్షరాలు. కారు ఎంత గొప్పదో చెప్పదు, ఎంత వేగమో చెప్పదు. బుజ్జగిస్తే తప్ప కదలని అందమైనదేదో అక్కడ ఉందని మాత్రం చెబుతుంది. షెడ్డులోకి వస్తూనే అక్కతో అన్నాడు. అక్క మొదటిసారి మిషను ఆపింది. రెండుసార్లు పైకి అనుకుని, బాగుందిరా, ఎవరి మాట అని అడిగింది. అతను తల తుడుచుకోవడంలో మునిగిపోయాడు. అక్కకు చెప్పక్కర్లేకపోయింది.

మర్నాడే 'అలక' అని పదో దరఖాస్తు పంపాడు. ఫారం మీద ఆ మాట చూడగానే అద్దం వెనక ఆమె ముఖం ఎలా మారుతుందో ఊహించుకుంటూ నాలుగు రోజులు గడిపాడు. ఐదో రోజు ఉత్తరం వచ్చింది. అభ్యంతరం లేదు. ఆమోదమూ లేదు. ఫైలును రెండో అంతస్తులోని పెద్ద అధికారికి బదిలీ చేశామని, ఒక తలనూనె కంపెనీ ఈ పేరు తమదంటోంది కాబట్టి విచారణ ఉంటుందని, ఫలానా రోజున హాజరు కావాలని ఉంది. కింద సంతకం ఆమెది కాదు.

మెకానిక్ పరుగున వెళ్లి నాలుగో కౌంటరు దగ్గర వంగాడు. ఫైలు ఎందుకు పంపించేశారని అడిగాడు. ఆమె తలెత్తలేదు.

"మీ ఫైలు నా దగ్గర లేదండీ. రెండో అంతస్తులో అడగండి."

అతను ఇంకేదో అనబోయేలోగా 'మూసి ఉంది' అన్న అట్టముక్క కన్నానికి అడ్డంగా వచ్చింది.

తప్పు ఎక్కడ జరిగిందో షెడ్డుకు చేరేలోగా అతనికి తట్టింది, లేదా తట్టిందనుకున్నాడు. ఆమె ఏదో మాటవరసకి అన్నది. తను దాన్ని ఎత్తుకొచ్చి, అడగనైనా అడక్కుండా, ఆమె పని చేసే ఆఫీసులోనే దరఖాస్తుగా పడేశాడు. పేరు సూచించకూడదని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిన మనిషిని ఇరికించాడు. ఆమెకు మండదా మరి.

తర్వాతి రెండు వారాలు మెకానిక్ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. బిగించిన నట్టునే మళ్లీ బిగించాడు. పేరు కారుకు పెట్టమంటే నువ్వు పెట్టుకుని తిరుగుతున్నావేంట్రా అని అక్క ఏడిపించింది. అతను నవ్వలేదు. అప్పుడు అక్క కూడా ఏడిపించడం మానేసి, పక్కన కూర్చుని, వెళ్లి ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పరాదా అంది. ఆవిడ మాట్లాడితే గదా చెప్పడానికి అన్నాడు. ఆ పూట కూర్చుని ఒక ఉత్తరం రాశాడు. 'అలక' అన్న పేరును వెనక్కి తీసుకుంటున్నాను, ఇట్లు, అని. ప్రదర్శనకు తొమ్మిది రోజులే ఉన్నాయి. ఈ పేరు పోతే కారు షెడ్డులోనే ఉండిపోతుందని ఇద్దరికీ తెలుసు. ఉత్తరం చదివి అక్క తిరిగి ఇచ్చేసింది. పన్నెండు కార్ల మాట ఎత్తలేదు.

విచారణ రోజు జేబులో ఆ ఉత్తరంతోనే రెండో అంతస్తుకు వెళ్లాడు. పెద్ద అధికారిని ఆఫీసులో అందరూ పెద్దాయన అంటారు. ఇంకో నాలుగు నెలల్లో రిటైర్ కాబోతున్నాడు. ఆయన నవ్వగా చూసినవాళ్లు ఆఫీసులో లేరు. నూనె కంపెనీ తరఫున వచ్చిన లాయరుకు బట్టతల. ఆ విషయం గదిలో ఎవరూ పైకి అనలేదు కానీ అందరూ కాసేపు దాని గురించే ఆలోచించారు.

అలకలంటే ముంగురులని, తమ నూనె ఇరవై ఏళ్లుగా ఆ పేరుతోనే అమ్ముడవుతోందని, రేపు ఎవరైనా ఈ కారు కూడా తమదేననుకుంటే ఏంటని లాయరు వాదించాడు. పెద్దాయన కళ్లు మూసుకుని విన్నాడు. తెరిచాక చెప్పాడు: ఆ అలక జుట్టుది, ఈ అలక మనసుది. తలకు రాసుకునేది ఏదో, తలకెక్కేది ఏదో జనానికి తేడా తెలుసు. అభ్యంతరం కొట్టివేయడమైనది. ఆ మాట అంటూనే సంతకం పెట్టి ముద్ర వేశాడు. లాయరు తల తుడుచుకుని కాగితాలు సర్దుకున్నాడు.

మెకానిక్ లేచి జేబులోంచి ఉత్తరం తీశాడు.

"సార్, ఈ పేరు నేను వెనక్కి తీసుకుంటాను."

"గెలిచావు కదయ్యా."

"గెలిచాను సార్. కానీ ఆ మాట నాది కాదు, నాలుగో కౌంటరు మేడమ్‌ది. అడక్కుండా వాడుకున్నాను. ఆవిడకి కోపమొచ్చి ఫైలు వదిలేసుకున్నారు. ఆవిడకి ఇష్టంలేని పేరు నా కారు మీద వద్దు."

పెద్దాయన ఉత్తరం అందుకోలేదు. ఫైలు మొదటి పేజీ తిప్పి కళ్లజోడు పెట్టుకున్నాడు. బదిలీ కోరుతూ ఆవిడ రెండు కారణాలు రాసిందన్నాడు. కరెంటు బిల్లు చదివినట్టు చదివాడు. ఒకటి, ఈ పేరుగా దరఖాస్తు చేసిన మాట అనుకోకుండా నా నోటినుంచే వచ్చినది. రెండు, ఈ దరఖాస్తుదారుడి విషయంలో నేను నిష్పక్షపాతంగా ఉండగలనని అనుకోవడం లేదు.

లాయరు బ్యాగు జిప్పు సగంలో ఆపేశాడు.

"ఇందులో కోపమన్న మాట నాకెక్కడా కనపడలేదు," అన్నాడు పెద్దాయన. "కాకపోతే పక్షపాతం రెండు రకాలు. అనుకూలమా, ప్రతికూలమా అన్నది ఆవిడ రాయలేదు. నా నిర్ణయం అయిపోయింది, దానికి దీనితో పని లేదు. కానీ ఫైలు అసంపూర్తిగా ఉండడం నాకు నచ్చదు. కిందికి వెళ్లి కనుక్కుని రా."

మెకానిక్ మెట్లు ఎలా దిగాడో అతనికే గుర్తు లేదు. ఈసారి కౌంటరు ముందు వంగలేదు. పక్క తలుపు తోసుకుని లోపలికి, ఆమె బల్ల దగ్గరికే వెళ్లాడు. చుట్టూ ఉన్న నాలుగు బల్లల మీద టైపు చప్పుళ్లు ఒక్కసారిగా ఆగాయి.

పెద్దాయన పంపారని, ఫైల్లో రెండో కారణం గురించి ఒక స్పష్టత కావాలన్నారని చెప్పాడు. అనుకూలంగానా, ప్రతికూలంగానా అని.

ఆమె చెవుల దాకా ఎర్రబడింది. "పైకి చదివారా?"

"లాయరు ముందే."

ఆమె చేతిలోని ముద్రను స్టాంపు ప్యాడు మీద పెట్టింది. పేరు తేలిందా అని ముందు అడిగింది. తేలిందని, సంతకం కూడా అయిందని అతను చెప్పాక ఊపిరి పీల్చుకుంది.

"ఇప్పుడు అడుగుతున్నది ఆయనా, మీరా?"

"ఆయన అడిగి రమ్మన్నారు. మీకు కోపమొచ్చిందనుకుని నాకైతే రెండు వారాలుగా నిద్ర లేదు."

"ఆ రోజు కౌంటరు ఎందుకు మూసేశానో తెలుసా మీకు? ఇంకొక్క నిమిషం మీరు అలా వంగి నిలబడితే నేను చెప్పేసేదాన్ని. ఫైలు పైన ఉండగా నేను నోరు విప్పితే, రేపు ఎవడో వచ్చి ఈ పేరు దొడ్డిదారిన వచ్చిందంటాడు. మీ మూడేళ్ల పని మీద ఆ మాట పడకూడదు. అందుకని నోరు మూసుకుని కూర్చున్నాను. మీరు మాత్రం నేనేదో కోపంగా ఉన్నాననుకుని హాయిగా మూతి ముడుచుకుని తిరిగారు."

మెకానిక్ ఒక అడుగు ముందుకు వేశాడు. "అయితే..."

"అనుకూలం," అంది ఆమె.

"ఎంత?"

"ఆ ఫారంలో దానికి కాలమ్ లేదు."

పక్క బల్ల వెనక ఎవరో దగ్గారు. ఆమె మళ్లీ కాగితాల కట్ట చేతిలోకి తీసుకుంది కానీ, ఎన్నిసార్లు తట్టినా అంచులు కలవలేదు. మెకానిక్ చెయ్యి చాపి ఆ చివర పట్టుకున్నాడు. కాగితాలు కుదురుకున్నాయి. చేతులు మాత్రం కాసేపు అక్కడే ఉండిపోయాయి.

మెకానిక్ పైకి వెళ్లి సమాధానం చెప్పాడు. పెద్దాయన ఫైల్లో 'అనుకూలము' అని రాసుకుని, కింద గీత గీసి, చెత్తబుట్ట తలుపు పక్కనుంది, ఆ ఉత్తరం దాంట్లో వేసి పొమ్మన్నాడు.

ప్రదర్శన మైదానంలో కారు ముక్కు మీద ఇత్తడి అక్షరాలు మెరిశాయి. సాయంత్రానికి నలుగురు కొంటామన్నారు. ఆ పేరేంటి, అలిగితే ఏం చెయ్యాలి అని అడిగినవాళ్లందరికీ అక్కే ఓపిగ్గా సమాధానం చెప్పింది. మెకానిక్ కళ్లు గేటు మీదే ఉన్నాయి.

ఆమె వచ్చింది, వెంట వాళ్లమ్మ. అమ్మ స్కూల్లో డ్రిల్ టీచరు. కాన్వాసు బూట్లు, నిటారైన నడుము. మెకానిక్‌ను పలకరించకుండా ముందు కారు చుట్టూ ఒక రౌండు నడిచింది. వంగి టైర్లు చూసింది. బ్రేకులు ఎలా ఉంటాయని అడిగింది. తలుపు వేసి తీసి, మళ్లీ వేసి ఆ చప్పుడు విన్నది. అతను అన్నిటికీ చేతులు కట్టుకుని జవాబు చెప్పాడు. జీవితంలో ఏ ఇంజిన్ ముందూ అంత భయపడలేదు.

"మా అమ్మాయి కాదంటే ఇంక కాదే. ఆ సంగతి తెలుసా నీకు?"

"తొమ్మిదిసార్లు తెలిసిందండీ."

"మరి ఔనన్నది?"

"ఒక్కసారే అన్నారు. సరిపోయింది."

అమ్మ అతన్ని అప్పుడు సరిగ్గా చూసింది. కూతురు అటు తిరిగి ఇత్తడి అక్షరాలు మొదటిసారి చదువుతున్నట్టు చదువుతోంది. వెనక సీటు లేదా అని అమ్మ అడిగింది. లేదండీ, రెండే అని మెకానిక్ బిక్కుబిక్కుమంటూ చెప్పాడు.

"సరే, అయితే మీరిద్దరూ దీంట్లో ఇంటికి రండి," అందామె. "నేను బస్సులో వస్తాను."

అక్క చేతిలో గుడ్డ పక్కన పడేసి, నేనూ బస్సులోనే వస్తానండీ, దారిలో మాట్లాడుకోవచ్చు అని ఆమె వెంట నడిచింది. ఆడవాళ్లిద్దరూ వెనక్కి చూడకుండా గేటు దాటారు. బస్టాపు చేరేలోగానే వాళ్లు పెళ్లి ఏ నెలలో అన్నదాకా వచ్చేశారు.

ఇక్కడ కారులో కూర్చున్న ఇద్దరూ మాత్రం 'మీరు'లోంచి 'నువ్వు'లోకి దిగడానికే ఇంకా తంటాలు పడుతున్నారు.